అత్తగారి కత్తి నలుపు

మా ఆయన డ్రైవింగ్ లైసెన్సుల ఆఫీసులో ఫోటోలు తీస్తారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకరి తరవాత ఒకరు వచ్చి ఎదురుగా కూర్చుంటారు. "గడ్డం పైకెత్తండి, నవ్వకండి" అని ఈయన మీట నొక్కుతారు. వచ్చిన మొహం వచ్చినట్టే పడాలి, మెరుగులు దిద్దడానికి రూల్స్ ఒప్పుకోవు. పదహారేళ్లుగా ఇలా చేతులు కట్టేసుకుని కూర్చున్న మనిషి ఇంటికొచ్చి ఊరుకుంటారా? కత్తుల మీద పడతారు.

ఇప్పుడు బజార్లో దొరికే కత్తులకి నల్లటి పూతలుంటాయి. వాటిని చూస్తే ఈయనకి ఒళ్లు మండుతుంది. "లోపల మంచి ఉక్కు పెట్టుకుని పైన ఈ మసేమిటి?" అంటారు. వెనక గదిలో కిటికీలు తెరుచుకుని, చేతులకి తొడుగులు వేసుకుని, పదును అంచుకి టేపు అంటించి, పూత ఊడదీసే మందు రాస్తారు. అది పొక్కులుగా లేచాక చెక్కముక్కతో గీకేస్తారు. ఆ తరవాత సాండ్ పేపరు. ముందు గరుకుది, తరవాత కాస్త నున్ననిది, ఆ తరవాత మరీ నున్ననిది, నీళ్లు చల్లుకుంటూ ఒకే వైపుకి రుద్దాలి. అటూ ఇటూ రుద్దితే గీతలు పడతాయట. పెళ్లయిన ఇన్నేళ్లలో నాతో ఒక్కరోజు కూడా అంత ఓపిగ్గా లేరు.

నా కుట్టుపని కత్తెర నల్లగా, బుద్ధిగా ఉండేది. ఒకరోజు చూద్దును కదా, తళతళలాడిపోతోంది. గుడ్డ కత్తిరిద్దామంటే వెలుతురంతా కళ్లలోనే కొడుతుంది. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి ఊరుకున్నాను. మా తమ్ముడి ఇంటికి భోజనానికి వెళ్తే, మా మరదలు ముందు కత్తులన్నీ బీరువాలో దాచి, తరవాతే తలుపు తీస్తుంది.

ఈయనకి చిక్కని కత్తి ఒక్కటే మిగిలింది. మా అత్తగారిది. కర్ర పిడి, పాత ఇనుము, చివరి దాకా నలుపు. మోకాళ్లు మొరాయించాక ఆవిడ వంటిల్లు నాకు వదిలేశారు గానీ, కూరగాయలు తరిగే పని మాత్రం వదల్లేదు. రోజూ తొమ్మిదింటికల్లా హాల్లో కిటికీ పక్క కుర్చీలో, ఒళ్లో చెక్క పలక పెట్టుకుని కూర్చుంటారు. ముక్కలన్నీ ఒకే కొలత. ఎప్పుడైనా నేను తరిగితే "ఎవరు తరిగారివి?" అని అడుగుతారు, ఇంట్లో ఉన్నది మేం ముగ్గురమే అని తెలిసి కూడా.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తుండగా ఈయన ఆ కత్తి పట్టుకుపోయారు. ఆ నలుపుని పూత అనుకున్నారు. పూత కాదది. నలభై ఏళ్లుగా ఉల్లిపాయల రసం, టమాటాల పులుపు పట్టి పట్టి ఇనుము తెచ్చుకున్న రంగు. మందు రాస్తే ఒక్క పొక్కూ లేవలేదు. అక్కడైనా ఆగాలా? "మొండి పూత!" అని మురిసిపోయి సాండ్ పేపరు అందుకున్నారట.

మర్నాడు ఆవిడ ఆ కత్తిని పలక మీద చూసి మొహం చిట్లించారు.

"ఇదెవరిదిరా?"

"నీదేనమ్మా. చూడు, ఎలా మెరుస్తోందో!"

"నాది నల్లగా ఉంటుంది."

"ఆ నలుపే తీసేశా."

"నా కత్తి నాకు తెలీదా? ఇది నాది కాదు. నాది ఎక్కడ పారేశావో వెతికి పట్రా," అని కత్తి పక్కన పెట్టేశారు. తరవాత నాతో, "ఇక నాతో పనేముందమ్మాయ్, నువ్వే తరుక్కో," అన్నారు.

ఈ ఇంట్లో ఆవిడకి మిగిలింది ఆ ఒక్క పనే. మూడు రోజులు ఖాళీ చేతులతో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. నాలుగోరోజు నాకు ఏడుపు ఆగలేదు, కోపమూ ఆగలేదు. "ఆవిడ కత్తి ఆవిడకి తెచ్చివ్వండి. లేదా ఆ గదికి తాళం వేసి తాళంచెవి బావిలో పడేస్తాను," అన్నాను. మాకు బావి లేదు. అయినా ఈయన హడలిపోయారు.

పూత ఊడదీయడమే తప్ప నలుపు ఎక్కించడం ఎరగని మనిషి, పాపం, నోటు పుస్తకం పట్టుకుని తల్లి పక్కన కూర్చున్నారు. తప్పిపోయిన మనిషి ఆనవాళ్లు రాసుకునే పోలీసులా అడగడం మొదలుపెట్టారు.

"ఎలాంటి నలుపమ్మా?"

"పిడి దగ్గర చిక్కగా ఉండేది. మొన దగ్గర కాస్త నీలం తిరిగేది."

కత్తిని వేడి వెనిగర్‌లో ముంచారు. చిక్కటి టీలో నానబెట్టారు. టమాటాలో గుచ్చి వదిలేశారు. ఇల్లంతా పుల్లటి వాసన. ఆఫీసు నుంచి రాగానే బూట్లయినా విప్పకుండా తల్లి దగ్గరికే.

"ఇదేనా?"

"దగ్గరికొచ్చింది. మధ్యలో ఒక మచ్చ ఉండాలే!"

"మచ్చా? నిన్న చెప్పలేదేం?"

"నువ్వు అడిగావా?"

ఆ మచ్చ ఎలా వచ్చిందో తెలియాలంటే, మామగారు ఆ కత్తితో తలుపు గడియ ఊడదీయబోయి గదిలోనే చిక్కుకుపోయిన కథ మొత్తం వినాలి. ఇద్దరూ పడీపడీ నవ్వుతుంటే నాకు వంటింట్లోకి వినిపించింది. మర్నాడు ఇంకో మచ్చ, ఇంకో కథ.

పదకొండో రోజు పొద్దున ఆవిడ కత్తిని ఎగాదిగా చూసి, "ఆఁ, ఇదీ నా కత్తి! ఎక్కడ దొరికిందిరా?" అన్నారు.

"సింకు కింద," అని ఈయన నా వంక చూడకుండా ఆఫీసుకి పారిపోయారు.

ఆవిడ బీన్సు తరగడం మొదలుపెట్టారు. ముక్కలు తీసుకోవడానికి వెళ్తే పిడి నా చేతికిచ్చారు. బొటనవేలు ఆనే చోట కర్ర అరిగి గుంట పడి ఉంది.

"ఇది నా వేలు చేసిన గుంట. దీన్ని వాడు ముట్టుకోలేదుగా. మొదటి రోజు పట్టుకోగానే తెలిసింది."

"అయితే నన్నెందుకు ఏడిపించారత్తయ్యా?"

"నువ్వు ఏడిస్తే గానీ వాడు కదిలాడా? ఆ గదిలో దూరాక వాడు నా పక్కన కూర్చుని ఎన్నాళ్లైందో! ఇంకో మచ్చ చెబుదామనుకున్నా గానీ, వాడి చేతులు మరీ పుల్లటి కంపు కొడుతున్నాయి."

నాకు నవ్వొచ్చింది. వెంటనే కుళ్లూ వచ్చింది. ఆవిడకి పదకొండు రోజులు దక్కాయి.

ఆ సాయంత్రం ఈయన రాగానే తళతళలాడే నా కత్తెర తెచ్చి ముందు పెట్టాను. ఏడాదిగా దానితోనే దిండు గలేబులు కత్తిరిస్తున్నాను.

"ఏవండీ, ఇది నాది కాదు."

ఈయన కత్తెర వంక చూశారు, నా వంక చూశారు. నోటు పుస్తకం తీసి కొత్త పేజీ తిప్పారు.

"ఎలాంటి నలుపు?"

"ముందు కూర్చోండి," అన్నాను. "చాలా ఉంది చెప్పాల్సింది."