నేను కొంటే చెల్లెలికి మూడు రాత్రులు

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయంలో మా చెల్లెలు లేచి నిలబడింది. పక్కనే మా మరిది, అతని పక్కన ఇస్త్రీ మడతలు నలగని బట్టల్లో పిల్లలిద్దరూ. సాక్ష్యం అంటే ఎవరికి వారు లేచి, దేవుడు తమకు చేసిన మేలును అందరి ముందూ చెప్పుకోవడం. జ్వరం తగ్గినవాళ్లు చెబుతారు, కంపెనీలో పర్మినెంటైనవాళ్లు చెబుతారు, బోరులో నీళ్లు పడ్డవాళ్లు చెబుతారు. మా చెల్లెలు హాలిడే మెంబర్షిప్ గురించి చెప్పింది.

"మా కుటుంబానికి దేవుడు ఏడాదికో వారం విశ్రాంతి దయచేసిండు. దేశంల ఎక్కడికన్నా పోయి రిసార్టుల ఉండొచ్చు. పిల్లల పెండ్లిళ్లయ్యేదాంక ఆ వారం మాదే. మా కోసం ప్రార్థన జేసిన అందరికీ వందనాలు."

"స్తోత్రం" అన్నారు అందరూ. నేనూ అన్నాను. కడుపు మండుతుంటే స్తోత్రం ఎలా పలుకుతుందో ఆ రోజు తెలిసింది, ఎండు రొట్టె మింగినట్టు.

నిజానికి నేను దాన్ని చూసి కుళ్లుకోవడానికి పైకి ఏ కారణమూ కనపడదు. నేను పెద్దదాన్ని. లక్డారం వైపు సర్కారు హైస్కూల్లో లెక్కల టీచర్ని. గుమ్మడిదల దగ్గరి మందుల కంపెనీలో షిఫ్ట్ ఇన్‌చార్జిగా చేసే మా మరిది కంటే నా జీతమే ఎక్కువ. పటాన్‌చెరులో నాకు సొంతిల్లుంది, వాళ్లది రెండు గల్లీల అవతల కిరాయి ఇల్లు. అయినా చిన్నప్పటి నుంచీ నేను దాన్ని చూసి కుళ్లుకుంటూనే ఉన్నాను. దాని జుట్టు చూసి, దాని గొంతు చూసి, దాని పెళ్లి చూసి. నాకు పెళ్లి కాలేదు. కాలేదంటే చేసుకోలేదని కొందరు, కుదరలేదని కొందరు. రెండూ నిజమే.

అది గొప్పలు పోయే మనిషైనా బాగుండేది, తిట్టుకునేదాన్ని. అది నన్ను చూసి జాలిపడుతుంది. "అక్క ఒక్కతే కద" అని పండక్కి నాకో చీర కొంటుంది. "అక్క ఒక్కతే కద" అని వాళ్లు ఎక్కడికి పోయినా నన్ను వెంట తీసుకుపోతుంది. అక్కడ పిల్లల మంచం మీద ఒక పక్కకు నేను. వాళ్లిద్దరూ జలపాతం ముందు ఫోటో దిగుతుంటే బ్యాగుల దగ్గర నేను. ఏ ఊరి ఫోటో తీసి చూసినా నా చేతిలో ఎవరివో ఒకరివి చెప్పులుంటాయి. నాకు కావలసింది పెద్దదేమీ కాదు. నా పేరున ఒక గది ఉండాలి, దాన్ని చూసి మా చెల్లెలు ఒక్కసారైనా నా మీద కళ్లల్లో నిప్పులు పోసుకోవాలి. అంతే.

కాబట్టి నేనూ మెంబర్షిప్ తీసుకోవాలని చర్చి మెట్లు దిగుతుండగానే తీర్మానించుకున్నాను. ఆ పద్ధతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఒక్కసారి పెద్ద మొత్తం కట్టాలి. ఆ తర్వాత ఏళ్ల తరబడి, ఏటా ఒక వారం ఆ కంపెనీ రిసార్టుల్లో ఎక్కడైనా గది మనది. ఏటా నిర్వహణకని కొంత కట్టాలి. వాడుకున్నా వాడుకోకపోయినా కట్టాలి.

బస్టాండు దగ్గరి సూపర్ మార్కెట్‌లో ఆ కంపెనీవాళ్లు పెట్టిన లక్కీ డ్రా డబ్బాలో నా నంబరు రాసి వేశాను. మూడోనాడు ఒకమ్మాయి ఫోన్ చేసింది.

"కంగ్రాట్స్ మేడమ్, మీకు గిఫ్ట్ తగిలింది. ఆదివారం సార్‌ని తీసుకుని రండి."

"సార్ లేరమ్మా."

"డ్యూటీలో ఉంటారా మేడమ్? సాయంత్రం పెడతాను."

"అసలే లేరు."

అవతల గొంతు మెత్తబడింది. "సారీ మేడమ్. ఎప్పుడు పోయారు?"

"పోనీకి ఎప్పుడన్న వస్తే గద!" అన్నాను.

ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసింది. నేను ఊరుకునే మనిషిని కాను. సిటీలో వాళ్ల ఆఫీసు ఎక్కడుందో కనుక్కుని బస్సెక్కి పోయాను. టై కట్టుకున్న కుర్రాడు నాకు కుర్చీ వేసి, నీళ్లిచ్చి, మా స్కీములన్నీ ఫ్యామిలీలకే మేడమ్, భార్యాభర్తలిద్దరూ పక్కపక్కన కూర్చుని వింటేనే వివరాలు చెబుతాం, లేకపోతే ఒకరు ఒప్పుకుంటారు, ఇంటికి పోయాక రెండోవారు వద్దంటారు అన్నాడు. వద్దనే రెండోవారు నాకు లేరు కదా బాబూ, అంతకంటే మంచి బేరం మీకెక్కడ దొరుకుతుందన్నాను. అతను లోపలికి పోయి ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. ఇంట్లోవాళ్లెవరైనా తోడు సంతకం పెడితే ఇస్తామన్నాడు.

ఆ ఆదివారం మా చెల్లెలింట్లో భోజనానికి కూర్చున్నప్పుడు ఈ సంగతి చెప్పాను. మా మరిది చెడ్డవాడు కాదు. "అండ్ల ఏమున్నది వదినా, నేనొస్త. పక్కకు కూసుని సంతకం పెడత" అన్నాడు వెంటనే.

మా చెల్లెలి ముఖం వెలిగిపోయింది. నాకు మరో కోడి ముక్క వేస్తూ, "మా పేరు చెప్పి తీస్కో అక్కా. మాతోని ఎవలన్న చేరితే మాకు మూడు రాత్రులు ఎక్స్‌ట్రా ఇస్తరంట. నీకు గది, మాకు రాత్రులు" అంది.

ఆ ముక్కను కంచంలో పక్కకు నెట్టాను. నేను కొంటే దానికి మూడు రాత్రులు! ఒక వారంతోనే చర్చి అంతా స్తోత్రం చెప్పించిన మనిషి, నా డబ్బుతో వచ్చే మూడు రాత్రులకు ఇంకెంత సాక్ష్యం చెబుతుంది? అందులో నా పేరు కూడా ఎత్తుతుంది. అక్క ఒక్కతే కద అని మేమే చేర్పించినం అంటుంది. నేను ఇంటికి నడుచుకుంటూ వచ్చేసరికి, ఆ కంపెనీ దగ్గర నేరుగా కొనేది లేదని నిశ్చయించుకున్నాను.

మిగిలిన దారి రీసేల్. ఇదివరకే కొన్నవాళ్లు ఇక వద్దనుకుని అమ్ముకునేది. సగం కంటే తక్కువకే దొరుకుతుంది. కానీ అందులో మిగిలిన ఏళ్లే మనకు వస్తాయి. పాతవాళ్లు ఏ కాలానికి కొంటే ఆ కాలమే. పాత బకాయిలుంటే అవీ మన మెడకే. పేరు మార్చినందుకు కంపెనీకి వేరే కట్టాలి. నాకు తెలిసినవాళ్ల ద్వారా దొరికినది ఆనకాలం వారం. బడిపంతులమ్మకు సెలవులు ఎండాకాలం, దసరాకు. ఆనకాలంలో బడి, పరీక్షలు, తడిసిన గొడుగులు. లెక్కలు చెప్పి బతికేదాన్ని, ఆ మాత్రం లెక్క నాకు తెలియదా? కొంచెం బుద్ధున్న మనిషి నేరుగా కంపెనీ దగ్గరే కొంటుంది. నేను రీసేల్ కొన్నాను.

స్టాఫ్ రూములో మాత్రం, కంపెనీవాళ్ల షోకులకు మనమెందుకు డబ్బు పోయాలి, అదే గది సగం ధరకు వస్తుంటే అని చెప్పాను. మా తెలుగు సారు నా తెలివిని తెగ మెచ్చుకున్నాడు.

అమ్మేవాళ్లు వెలిమెల వైపు కొత్త అపార్ట్‌మెంట్లో ఉండే రిటైరైన దంపతులు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. రిసార్టున్న కొండ మీది మెట్లు తనవల్ల కాదంటోంది. ఆయనకు అమ్మడం ఇష్టం లేదు. నేను ముందు రూపాయి తీయలేదు. ఈ ఏటి దాకా కట్టిన రసీదులు చూపించమన్నాను, వాళ్ల సోఫాలో కూర్చునే కంపెనీకి ఫోన్ చేయించి బకాయిలేమీ లేవని వాళ్ల నోటనే విన్నాను. ఆయన నొచ్చుకోలేదు. చాయ్ తాగుతూ ఆ కొండ గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

"పొద్దుగాల కిటికీ తెరిస్తే మబ్బు లోపటికొస్తది మేడమ్. ఈమె దుప్పటి ముసుగుపెట్టుకుని నన్ను తిట్టుడే తిట్టుడు."

"తిట్టనా మరి? పక్కబట్టలన్ని తడిసిపోతుండె" అంది ఆమె, నవ్వుతూ.

నాకు వాళ్ల మీద కూడా అసూయ పుట్టింది. వారం ఎవరి దగ్గరైనా కొనుక్కోవచ్చు. ఆ తిట్లు ఎవరు అమ్ముతారు? చాయ్ సగంలో పెట్టేసి, పేరు మార్పిడికి ఎప్పుడు పోదామని అడిగాను.

ముగ్గురం కలిసి సిటీ ఆఫీసుకు పోయాం. అక్కడ అదే టై కుర్రాడు. నన్ను గుర్తుపట్టి, నా వెనకాల వస్తున్న ముసలాయన్ని చూసి, "సార్‌ని తీసుకొచ్చారా మేడమ్, గుడ్" అన్నాడు. "ఈయన అమ్మేటాయన" అన్నాను. చిత్రమేమిటంటే పాతది కొనడానికి నాకు మొగుడున్నాడా అని ఎవరూ అడగలేదు. సంతకం పెట్టమన్నారు, ఫోటో ఇవ్వమన్నారు, మార్పిడి రుసుము కట్టించుకున్నారు. బయటికొచ్చేసరికి నా పేరున ఒక వారం ఉంది.

మా చెల్లెలికి చెబితే అది గిన్నె తోమడం ఆపి నా వైపు చూసింది. "గా పాతదెందుకు అక్కా? ఎవలో వాడి ఇడిసిపెట్టింది. ఆనకాలంల ఎవలన్న పోతరా? మా మూడు రాత్రులు పోతే పోనీ, నిన్నెవలన్న మోసం జేసిండ్రేమో అని నాకు పరేషాన్ అయితున్నది."

చూశారా, అక్కడ కూడా జాలే! దెబ్బలాడినా బాగుండేది.

తర్వాత ఏడాదంతా మాత్రం నాకు మంచి కాలక్షేపం దొరికింది. ఎండాకాలం సెలవులకు అది గది అడిగితే అన్నీ నిండిపోయాయన్నారు. దసరాకు గది దొరికింది గానీ మా మరిదికి లీవు దొరకలేదు. క్రిస్మస్‌కు మళ్లీ గదులు లేవు. బడి పిల్లలున్న ప్రతి ఇల్లూ అవే రోజులు అడుగుతుందని కొనేటప్పుడు ఎవరూ చెప్పలేదు. ప్రతిసారీ నేను పోయి, "ఏం కాదులే, మళ్లొకసారి దొరుకుతది" అని ఓదార్చాను. ప్రతిసారీ ఇంటికొచ్చి అల్లం వేసి చాయ్ పెట్టుకుని ఆనందంగా తాగాను.

ఆనకాలం వచ్చింది. ఫోన్ చేయగానే నాకు గది ఇచ్చారు. దాచుకున్న సెలవులన్నీ పెట్టి, నా క్లాసులు సైన్స్ మేడమ్‌కు అప్పజెప్పి, రైలెక్కి ఆ ముసలాయన చెప్పిన కొండకే పోయాను. రిసెప్షన్‌లో "ఒక్కరేనా మేడమ్?" అని అడిగారు. "ఒక్కదాన్నే" అన్నాను. తాళంచెవి ఇచ్చారు. గదిలో రెండు మంచాలు, ఒక బాల్కనీ, ఎదురుగా లోయ. లోయ నిండా మబ్బు తప్ప ఏమీ లేదు.

మొదటి రోజు ఏం చేయాలో తోచలేదు. బయట వాన. భోజనాల హాల్లో ఒక జంట ఒకే గొడుగు తెచ్చినందుకు కొట్లాడుకుంటోంది. వాళ్ల మీద కూడా కుళ్లుకున్నాను, అలవాటు ఎక్కడికి పోతుంది? రెండో రోజు మాత్రం పొద్దెక్కేదాకా పడుకున్నాను. లేచి కాళ్లు చాపుకుని కూర్చుని, ఎవరి చెప్పులూ కాపలా కాయకుండా, ఉడకబెట్టిన పల్లీలు పొట్లమంతా నేనే తిన్నాను. మధ్యాహ్నానికి వాన ఆగి మబ్బు పైకి లేచింది. కొండలు ఒకదాని వెనక ఒకటి బయటపడ్డాయి. ఇదే అదనని మా చెల్లెలికి వీడియో కాల్ చేశాను. అది మండిపోవాలని చేశాను, ప్రేమతో కాదు.

అది వంటింట్లో ఉంది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. మందుల కంపెనీల దిక్కు నుంచి గాలి తిరిగి వాసనొస్తోందట. మా మరిది నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పడుకున్నాడని గొంతు తగ్గించి మాట్లాడుతోంది. నేను మంచాలు చూపించాను, చాయ్ కెటిల్ చూపించాను. "మంచిగున్నది అక్కా" అంది. బాల్కనీలోకి వచ్చి ఫోను లోయ వైపు తిప్పాను. అది కళ్లు చికిలించి ఫోనులోకి చూసింది.

"ఏందే, కనిపిస్తలేదా?"

"కనిపిస్తున్నది." పొయ్యి మంట తగ్గించి అడిగింది. "పొద్దున ఎప్పుడు లేసినవ్ అక్కా?"

"లేవాలనిపించినప్పుడు."

"నిన్నెవలు పిలుస్తలేరా? చాయ్ పెట్టుమని, చొక్కా ఏడున్నదని?"

"ఎవలున్నరని పిలుస్తరు?"

అప్పుడు దాని ముఖం చూశాను. ఆ చూపు నాకు కొత్తది కాదు. దాని పెళ్లిఫోటోలు చూసినప్పుడల్లా అద్దంలో కనిపించినది అదే. నా చెల్లెలు నన్ను చూసి కుళ్లుకుంటోంది. నిజంగా, లోపలి నుంచి, ఒక్క చుక్క జాలి కలవకుండా. నాకు గంతులేయాలనిపించింది. అబద్ధమెందుకు, జీవితంలో అంత తృప్తి నాకు ఏ ప్రమోషనూ ఇవ్వలేదు.

లోపలి నుంచి మా మరిది దగ్గి, నీళ్లు అడిగాడు. అది పలకలేదు. అతను పిలిస్తే అది పలకకపోవడం నేనెప్పుడూ చూడలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని, ముఖం ఫోనుకు దగ్గరగా పెట్టింది.

"జెర గటు తిప్పు అక్కా. నీ మొహం గాదు, కొండలు. ఇంకొంచెం సేపు."

తిప్పాను. చెయ్యి నొప్పి పుట్టేదాకా అలాగే పట్టుకున్నాను. నా వెనక గదిలో రెండో మంచం మీద దుప్పటి మడత కూడా విప్పలేదు.

వచ్చే ఆనకాలం ఆ మంచం దానిదే. ఒక్కదానిదే, మరిదీ పిల్లలూ లేకుండా. ఆ సంగతి నేను ఆ బాల్కనీలోనే నిశ్చయించుకున్నాను. కానీ దానికి చెప్పలేదు. నన్ను కూడా తీసుకుపో అక్కా అని అది నోరు తెరిచి అడగాలి, నేను కాసేపు ఆలోచించినట్టు కూర్చోవాలి. ఇప్పటికింకా అడగలేదు. నీ వారం మళ్లెప్పుడొస్తది అక్కా అని మాత్రం రోజు విడిచి రోజు ఫోన్ చేస్తోంది.