ఎంగిలి సినిమా

మా ఇంట్లో శనివారం సాయంత్రం ఫ్రెంచి సినిమా చూడటం పోయిన ఎండాకాలంలో మొదలైంది. ఫ్రెంచే ఎందుకని అప్పట్లో ఎవరైనా అడిగి ఉంటే నా దగ్గర జవాబు ఉండేది కాదు. నేను తిరుపతిలో ఒక హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఫ్రాన్సు గురించి నాకు తెలిసిందల్లా తొమ్మిదో తరగతి పుస్తకంలోని విప్లవం పాఠం, అందులో తలలు నరికే యంత్రం. ఆ దేశంలో మనుషులు భోజనం బల్ల ముందు కూర్చుని గంటలకొద్దీ వాదించుకుంటారనీ, కారణం చెప్పకుండా రైలెక్కి వెళ్ళిపోతారనీ మా ఆయన తెచ్చిన సినిమాల వల్లే తెలిసింది.

మా ఆయన నాయుడుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాడు. పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే ఇల్లు చేరేది. పెళ్ళయిన కొత్తలో తప్ప మేమిద్దరం కలిసి సరదాగా చేసిన పని ఒక్కటీ గుర్తు లేదు. కరెంటు బిల్లు, నీళ్ళ ట్యాంకరు, అమ్మాయి చదువు, ఇవే మా మాటలు. అలాంటి మనిషి ఒక శనివారం టీవీకి లాప్‌టాప్ తగిలించి, ఒక మంచి సినిమా చూపిస్తా రమ్మన్నాడు. చేతిలో పని వదిలేసి వచ్చి కూర్చున్నాను. అమ్మాయి శనివారాలు పక్క వీధిలో మా అమ్మ దగ్గర పడుకుంటుంది. ఇంట్లో మేమిద్దరమే.

ఆ సాయంత్రాల కోసం నేను శుక్రవారం నుంచే ఎదురుచూడటం మొదలుపెట్టాను. బొరుగులు కలిపేదాన్ని, శెనక్కాయలు వేయించేదాన్ని, ఉతికిన చీర కట్టుకుని పూలు పెట్టుకుని సోఫాలో కూర్చునేదాన్ని. సినిమా అర్థమైనా కాకపోయినా రెండు గంటలు ఆయన నా పక్కన ఉండేవాడు. కింద పడే అక్షరాలు నేను చదివేలోపు మాయమైతే, ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ వేసేవాడు. ఇన్నేళ్ళలో నా కోసం ఆయన ఏదైనా వెనక్కి తిప్పడం అదే మొదటిసారి. స్టాఫ్‌రూంలో ఆడవాళ్ళు వాళ్ళ మొగుళ్ళ మీద చాడీలు చెప్పుకుంటుంటే నేను గొప్పగా మా శనివారాల సంగతి చెప్పేదాన్ని.

రెండో వారమో మూడో వారమో ఒక చిక్కు వచ్చింది. అమ్మాయి కళ్ళజోడు మరిచిపోయిందని మా అమ్మ వెనక్కి వచ్చింది. తలుపు గడియ వేయలేదు. అమ్మ హాల్లోకి వచ్చేసరికి తెరమీద ఇద్దరు మనుషులు ఒంటిమీద నూలుపోగు లేకుండా స్నానాల తొట్టిలో కూర్చుని రాజకీయాలు మాట్లాడుకుంటున్నారు. మా ఆయన రిమోట్ కోసం సోఫా కింద వెతుకుతున్నాడు. అమ్మ కాసేపు నిలబడి చూసి, ఆ దేశంలో చలి ఎక్కువంటారే, వీళ్ళకు చలెయ్యదా అని అడిగి, కళ్ళజోడు తీసుకుని వెళ్ళిపోయింది. ఇక మీదట కనుక్కుని పెడతానని మా ఆయన మాటిచ్చాడు. ఎక్కడో చదివి తెలుసుకుంటాడు కాబోలు అనుకున్నాను.

ఆ తర్వాత నుంచి సినిమాలు బాగా కుదిరాయి. మరీ బాగా కుదిరాయి. ఏదైనా అలాంటి ఘట్టం వచ్చేముందు రిమోట్ ఆయన చేతిలో సిద్ధంగా ఉండేది. ఒక ముసలాయన పొలం గట్టున నడుస్తూ నడుస్తూ ఎంతకీ ఎక్కడికీ చేరని చోట, కాఫీ కలుపుకొస్తానని లేచేవాడు. ముసలాయన ఇల్లు చేరి తలుపు తట్టే సమయానికి సరిగ్గా గ్లాసులతో వచ్చి కూర్చునేవాడు. నవ్వు రావలసిన చోటికి ముందే ఆయన పెదవులు సాగేవి. నేను నవ్వుతానా లేదా అని తెరను వదిలేసి నా మొహం చూసేవాడు. మొదట్లో ఆయన అలా నా మొహం చూడటం నాకు తెగ నచ్చింది. తర్వాత అనుమానం పుట్టింది. పిల్లలు కాపీ కొట్టిన పేపరు దిద్దేటప్పుడు కలిగే అనుమానం లాంటిదది. ఎక్కడా తప్పు దొరకదు, కానీ తెలిసిపోతుంది.

ఈ సినిమా మీరు ముందే చూసినారా అని ఒక శనివారం అడిగేశాను. చూసినానని వెంటనే ఒప్పుకున్నాడు. ఎక్కడ అంటే, బస్సులో అన్నాడు.

"ఒక్కరే చూసినారా?"

"లేదు, మేడంతో. ఆమే కదా ఇవన్నీ ఎంచేది."

తర్వాత అడగకుండానే అంతా చెప్పుకొచ్చాడు. వాళ్ళ విభాగంలోకి కొత్తగా ఒకామె వచ్చిందట. కంపెనీ ఆమెను ఆరునెలలు శిక్షణకని ఫ్రాన్సు పంపిందట. అక్కడ ఈ సినిమాలు అలవాటయ్యాయట. బస్సులో ఇద్దరిదీ ఒకే సీటు. ఆమె ఫోన్లో సినిమా, చెరొక చెవిలో ఇయర్‌ఫోను. పొద్దున రేణిగుంట దాటాక మొదలుపెడితే నాయుడుపేట చేరేసరికి సగం అవుతుంది, మిగతా సగం సాయంత్రం తిరుగు ప్రయాణంలో. బాగున్నదాన్ని శనివారం నా కోసం తెస్తున్నాడు. ఇదంతా చెప్తున్నప్పుడు ఆయన మొహంలో తప్పు చేసిన భావం మచ్చుకైనా లేదు. కూరగాయల బేరం చెప్పినట్టు చెప్పాడు.

ఆమెకు పెళ్ళయిందా అని అడిగాను. తెలీదు, అడగలేదు అన్నాడు. మా ఊళ్ళల్లో పేరుకంటే ముందు అడిగే ప్రశ్న అది. అది కూడా అడగకుండా ఇన్ని నెలలు ఏం మాట్లాడుకుంటున్నారు అంటే, సినిమాల గురించి అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇయర్‌ఫోను సంగతి ఒక ఎత్తు. అంతకంటే ఎక్కువగా నన్ను కాల్చింది ఆ మధ్యాహ్నాలు. సగంలో ఆగిన సినిమాను ఇద్దరి మధ్యా పెట్టుకుని వాళ్ళు రోజంతా ఒకే కప్పు కింద పనిచేస్తారు. ఆ రైలెక్కినామె దిగుతుందా, ముసలాయన తలుపు తడతాడా అని ఇద్దరికీ ఒకే ఎదురుచూపు. భోజనాల దగ్గర దాని గురించి మాట్లాడుకుంటారు కూడా. నేను ఆ వేళకు ఆకలితో ఉన్న ఎనిమిదో తరగతికి నదీ వ్యవస్థలు చెప్తూ ఉంటాను.

"మీరు నాకు ఎంగిలి పెడతా ఉండారు" అన్నాను.

సినిమాకు ఎంగిలేమిటే అని ఆయన పకపకా నవ్వాడు. ఆయనది అలాంటి పట్టింపుల్లేని ఇల్లు. నాకు అలా కాదు. మా నాయన చిన్న గుడిలో మడపల్లి వంట, అంటే స్వామి నైవేద్యాల వంట చేసేవాడు. స్వామికి ఆరగింపు అయ్యేవరకూ దేన్నీ నాలుకమీద వేసుకోడు. ఉప్పు చేతి అంచనా, పులుపు కంటి అంచనా. పొయ్యి మీద పులిహోర కలుపుతూ వాసన కూడా లోపలికి పీల్చకూడదని మొహం పక్కకు తిప్పుకునేవాడు. చిన్నప్పుడు నేను గంటె నాకానని ఒకరోజు గుండిగెడు దద్దోజనం పక్కన పెట్టేసి మళ్ళీ వండాడు. ఎవరి కోసం వండుతామో వాళ్ళకంటే ముందు ఇంకొకరు రుచి చూస్తే అది వాళ్ళకు పెట్టకూడదు. నా లెక్కలో ఇందులో దాపరికం, శృంగారం, పోలీసు విచారణ ఏమీ అక్కర్లేదు. ఎవరు ముందు అన్నదొక్కటే ప్రశ్న. ఇదంతా ఆయనకు చెప్పాను. నీకు నచ్చుతాదో లేదో చూసి తేవడం కూడా తప్పేనా, అప్పుడొకసారి చూడకుండా పెడితే మీ అమ్మ ముందు పరువు పోయింది కదా అన్నాడు. పైకి చూస్తే ఆయన చెప్పేది న్యాయంగానే ఉంది. న్యాయంగా ఉన్నందుకు ఇంకా కోపం వచ్చింది.

తర్వాతి వారం ఆయన బండి సర్వీసుకిచ్చాడు. నా స్కూటీ మీద పొద్దున రేణిగుంట రోడ్డుకు తీసుకెళ్ళి దింపాను. మామూలుగా అయితే ఆటోలో పొమ్మనేదాన్ని. కంపెనీ బస్సు టీ అంగడి ముందు ఆగింది. కిటికీ పక్కన ఆమె కూర్చుని ఉంది. అందగత్తె అయ్యుంటే మా ఆయనకు కళ్ళు చెదిరాయని సరిపెట్టుకునేదాన్ని. సాదా చుడీదారు, కళ్ళజోడు, ఆదరాబాదరాగా పెట్టుకున్న క్లిప్పు. నాలాగే నిద్ర చాలని మొహం. పక్క సీట్లో ఆమె బ్యాగు ఉంది. మా ఆయన బస్సెక్కి నడుచుకుంటూ వెళ్ళాడు. ఆమె ఫోనులోంచి తలెత్తలేదు, ఎవరా అని చూడలేదు. చూడకుండానే బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఎవరు వస్తారో తెలిసినవాళ్ళే అలా తీస్తారు. బస్సు కదిలాక మా ఆయన నాకు చెయ్యి ఊపాడు. నేను స్కూటీ తిప్పుకుని బడికి పోయాను.

ఆ సాయంత్రం చెప్పేశాను, ఇకనుంచి సినిమా నేనే ఎంచుతానని. షరతు కూడా పెట్టాను. నేను ముందు చూడను, ఆయనా చూడకూడదు. బాగుందో బాగాలేదో ఇద్దరికీ ఒకేసారి తెలియాలి. సరేనన్నాడు, తేలిగ్గా.

ఎంచడం నేననుకున్నంత సులువు కాలేదు. ఖాళీ పీరియడ్లలో స్టాఫ్‌రూం మూల కూర్చుని ఫోన్లో ఒక్కొక్క సినిమా వివరం చదివాను. ఏది తెరిచినా ఒక భర్త, ఒక భార్య, ఇంకొకామె. పేర్లు మారతాయి, ఊళ్ళు మారతాయి, ఆ ఇంకొకామె మాత్రం తప్పదు. ఆ దేశంలో విప్లవం తర్వాత చేయడానికి వేరే పనేమీ మిగల్లేదా అని విసుగేసింది. ఒకదాంట్లో ఇంకొకామె లేదని సంతోషిస్తే, ఆఖరి వాక్యంలో భర్త చనిపోతాడని ఉంది. అదీ వద్దనుకున్నాను. కోపంలో ఉన్నాను గానీ మరీ అంత కోపంలో లేను.

చివరకు ఒకటి దొరికింది. పల్లెటూళ్ళో బాతులు పెంచుకునే మొగుడూ పెళ్ళాల కథ. వాటిలో ఒక బాతు మొగుణ్ణి వదలదు. పొలానికి పోతే పొలానికి, అంగడికి పోతే అంగడికి వెంటపడుతుంది. పెళ్ళానికి ఆ బాతంటే పడదు. వివరం అంతవరకే ఉంది. నాకు అంతే చాలు.

ఆ శనివారం మా ఆయన మొదటిసారి ఏం తెలియని మనిషిలాగా కూర్చున్నాడు. రిమోట్ నా చేతిలో ఉంది. కాఫీకి ఎప్పుడు లేవాలో తెలియక అసలు లేవలేదు. అక్షరాలు మాయమైతే ఆయనే, ఆపు, ఏమన్నాడు అని అడిగాడు. ఎక్కడ నవ్వాలో తెలియక నాతోపాటే నవ్వాడు. తెరమీద పెళ్ళాం బాతును బుట్టలో పెట్టి, మూత కట్టి, సంతకు తీసుకెళ్ళి అమ్మేసింది. ఆ పెళ్ళాంతో నాకు అప్పటికే చుట్టరికం కలిసిపోయింది. పీడా వదిలిందని ఆమె చేతులు దులుపుకుని బస్సెక్కి ఇల్లు చేరేసరికి, బాతు ఆమెకంటే ముందే వచ్చి ఆమె కుర్చీలో కూర్చుని ఉంది. మా ఆయన కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ నా భుజం మీద వాలిపోయాడు. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నాకు కడుపు నిండిపోయింది. ఈ నవ్వు ఇంకెవరూ ముందు చూడలేదు, నాదే, ఇప్పుడే పొయ్యిమీద నుంచి దిగింది అనుకున్నాను.

ఆయన కళ్ళు తుడుచుకుని అన్నాడు.

"సోమవారం ఇది మేడంకి చూపించాల. ఆమె చూసి ఉండదు."

కోపం తెచ్చుకోకూడదనుకున్నాను. ఈసారి ముందు నేనే కదా, తర్వాత ఎవరు చూస్తే నాకేం అని సర్దిచెప్పుకున్నాను. నిజానికి కాస్త గర్వంగా కూడా ఉంది. చూపించండి, మా ఆవిడ ఎంచిందని చెప్పండి అన్నాను.

ఆయన నవ్వు ఆగింది. అది వద్దులే అన్నాడు. ఎందుకని అడిగాను.

"ఆమెకు మన శనివారం సంగతి తెలీదు. ఆమె నాకని ఎంచి పెట్టినవన్నీ ఇంటికి తెచ్చి నీకు చూపిస్తా ఉండానని తెలిస్తే నొచ్చుకుంటాది."

చాలా మామూలుగా అన్నాడు. అని మళ్ళీ తెరవైపు తిరిగాడు. అక్కడ పెళ్ళాం కుర్చీలోంచి బాతును లేపడానికి చీపురు వెతుకుతోంది. సినిమా ఇంకా చాలా ఉంది.

నాకు మాత్రం ఆయన బస్సు సంగతి, సీటు సంగతి, ఇయర్‌ఫోను సంగతి అన్నీ చెప్పాడు. నా దగ్గర ఏదీ దాచడన్న ఆ ఒక్క ధైర్యం పట్టుకునే ఇన్నాళ్ళూ పోట్లాడాను. నేను నొచ్చుకుంటానని ఆయనకు ఏనాడూ తోచలేదు. ఆమె నొచ్చుకుంటుందని తోచింది. తోచి, ఇన్ని నెలలూ నన్ను ఆమెకు తెలియకుండా జాగ్రత్తగా దాచాడు.

చూడు చూడు అని ఆయన నన్ను మోచేత్తో పొడిచాడు. చూశాను. అసూయ పడే హక్కు ఒక్కటైనా ఈ ఇంట్లో నాదే అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అదీ ఆయన ఆమెకే ఇచ్చి ఉన్నాడు.