ఇక్కడ కట్టు కట్టరు

2023 ఆగస్టు. పుత్తూరులో ఒక సందు చివరి ఇంటి ముందుగది. అక్కడ ఉన్నది నలుగురం: మునిరత్నం గారు, ఆయన కూతురు భారతి, ఆయన తమ్ముడు సుబ్రమణ్యం, నేను. వస్తువులు: నవారు మంచం, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, మేకుకు వేలాడుతున్న భారతి కంపెనీ ఐడీ కార్డు, సుబ్రమణ్యం చేతిలో ఇంకా కవరు విప్పని కొత్త తాళంకప్ప.

నేను తిరుపతిలో ఒక ఆస్పత్రిలో ఆక్యుపేషనల్ థెరపిస్టుని. జబ్బు చేసిన మనిషికి రోజువారీ పనుల్లో ఏవి పోయాయో, ఏవి మిగిలాయో చూసి, మిగిలినవాటితో రోజు గడిచే ఏర్పాటు చేయడం మా పని. మునిరత్నం గారికి డిమెన్షియా. ఇది ముసలితనపు మతిమరుపు కాదు, మెదడుకు వచ్చి క్రమంగా పెరిగే జబ్బు. పొద్దు వాలేకొద్దీ ఆయనలో కంగారు పెరిగేది. దీన్ని సన్‌డౌనింగ్ అంటాం. ఆ వేళకు వీధిలోకి పోయి, ఎదురైనవాళ్ల చేతులు పట్టుకుని నొక్కేవారు. అంతకుముందు రోజు పూలమ్మే ఆమె చేయి పట్టి లాగారు. పెద్ద గొడవైంది.

భారతిది సెల్‌ఫోన్లు తయారుచేసే కంపెనీలో మధ్యాహ్నం షిఫ్టు. భర్త చెన్నైకి కూరగాయల లారీ తోలుతాడు. వారంలో నాలుగు సాయంత్రాలు ఇద్దరూ ఇంట్లో ఉండరు.

"నిద్రమాత్రలు రాయించు సార్. తాళం నేనేసుకుంటా," అన్నాడు సుబ్రమణ్యం. "లేదంటే ఈ పిల్ల పని మానుకోవాల. మా ఇంట్లో పిచ్చోడు ఉండాడని ఊరంతా అనుకుంటాండారు."

"పిచ్చి గాదు సిన్నాయనా," అంది భారతి.

"పేరేదైతే ఏమ్మే? పొయ్యే పరువు ఒకటేగా."

"నేను పని మానను. మా నాయనకు తాళం ఎయ్యను. ఈ రెండూ గాకుండా మూడోది ఏముండాదో సార్ చెప్పాల."

మా పుస్తకాల్లో ఆ మూడోదాని పేరు రెస్పైట్ కేర్. జబ్బు మనిషిని చూసుకునేవాళ్లకు కొన్ని గంటల విడుపు. అందుకు డే కేర్ సెంటర్లు ఉండాలి. ఈ ఇంటికి వచ్చేముందే నేను ఫోన్లు చేసి విచారించాను. ఒకచోట ఇల్లు దాటి తిరిగేవాళ్లను తీసుకోం అన్నారు. ఇంకోచోట చెప్పిన ఫీజు భారతి జీతం కంటే ఎక్కువ.

ఆ సంగతి నేను చెప్పబోతుంటే మునిరత్నం గారు నా మణికట్టు పట్టుకున్నారు. బొటనవేలితో ఎముక వెంబడి మెల్లగా తడిమారు.

"యాడ పడినావప్పా?"

"బండిమీద నుంచి," అన్నాను, పడకపోయినా.

"గుడ్డ తేమ్మా," అని కూతురికి చెప్పారు.

విరిగిన చేయికి పుత్తూరు కట్టు ఎంతటిదో మా వైపు ఎవరికీ చెప్పనక్కర్లేదు. అలా కట్టు కట్టే ఒక ఇంట్లో ఈయన ముప్పై ఏళ్లు పనిచేశారట. వెదురు బద్దలు చెక్కడం, గుడ్డ చించడం, చుట్టడం ఆయన పని. నా చేతికి చుట్టిన గుడ్డ బిగువు మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉంది. రక్తం ఆగి వేళ్లు చల్లబడలేదు. చేతులు నేర్చిన పని తలలోని పేర్ల కంటే ఆలస్యంగా చెరుగుతుంది. మేం కేస్‌షీట్‌లో వాండరింగ్, అంటే దారీతెన్నూ లేని తిరుగుడు, అని రాసుకున్నది ఆయన లెక్కలో డ్యూటీ.

ఏర్పాటు అక్కడే కుదిరింది. బద్దలు వద్దు, ఆకుపసరు వద్దు, ఉత్త గుడ్డ. ఆయన వీధిలోకి పోకుండా, ఆ నాలుగు సాయంత్రాలూ వంతులవారీగా ఇరుగుపొరుగు వచ్చి ఇంటి అరుగుమీద చేయి చాపాలి. భారతి ఇంటింటికీ తిరిగింది. బతిమాలలేదు. "నీ కాలు విరిగినప్పుడు కట్టు కట్టింది ఎవురు?" అని అడిగింది.

అందరికంటే ముందు వచ్చింది పక్కింటి కాంతమ్మ. బట్టలు కుడుతుంది.

"గట్టిగా కట్టబాక మామా, రేపు పిండి రుబ్బాల."

"పదైదు దినాలు చెయ్యి కదపరాదు," అన్నారు ఆయన.

"ఆ మాటే మా ఆయనకు చెప్పు. వంట ఆయప్పనే చేసుకోమను!"

మూడో వారంలో అరుగు ముందు ఆటో ఆగింది. పుత్తూరులో కట్లతో మనుషులు వరుసగా కూర్చున్నారంటే దానికి అర్థం ఒకటే కదా. నగరి వైపు నుంచి ఒక మేస్త్రీ, నిజంగా విరిగిన చేయితో దిగి వరుసలో కూర్చున్నాడు. మునిరత్నం గారు ఆ చేయి పట్టుకుని సర్దబోయేసరికి అతను కేక పెట్టాడు. కాంతమ్మ అడ్డం పడి విడిపించి, అదే ఆటోలో అతన్ని ఆస్పత్రికి పంపింది.

మా సీనియర్ డాక్టర్ ఆపేయమన్నారు. మర్నాడు నేను పోయి, "కొన్నాళ్లు ఆపుదాం," అన్నాను.

"ఆపితే ఆ నాలుగు సాయంత్రాలు నాయన్ను ఎవురు చూస్తారు సార్? నేను పని మానుకోవాల, అంతేగా?" అంది భారతి. "ఆ మేస్త్రీ తెలీక వచ్చినాడు. తెలిసేటట్టు చేస్తా."

రెండు రోజుల్లో గోడకు బోర్డు పెట్టించింది: "ఇక్కడ ఎముకల కట్టు కట్టరు. మా నాయన మునిరత్నానికి డిమెన్షియా. ఇది మెదడు జబ్బు, పిచ్చి కాదు. ఈ వీధివాళ్లం ఆయనకు తోడు కూర్చుంటాం. తీరిక ఉంటే మీరూ కూర్చోండి."

సుబ్రమణ్యం ఊగిపోయాడు. "ఇంటి గుట్టు గోడమింద రాస్తావా? పీకెయ్!"

"నీ మొలల ఆపరేషన్ సంగతి బస్టాండు దాకా చెప్పుకున్నావే సిన్నాయనా. అది గుట్టు గాదా?"

కాంతమ్మ నవ్వు ఆపుకోలేక కట్టు కట్టిన చేతినే నోటికి అడ్డం పెట్టుకుంది. మునిరత్నం గారు బోర్డు మొత్తం చదివి, "అచ్చరాలు బాగుండాయి," అన్నారు.

ఉత్త గుడ్డే వాడతారు, ఇద్దరు పెద్దవాళ్లు ఎప్పుడూ పక్కన ఉంటారు, బోర్డు ఉంటుంది అని రాసి మా డాక్టర్‌కు ఇచ్చాను. "ఇంకొక్క విరిగిన చేయి వచ్చినా మూసేయాలి," అనే షరతుతో ఒప్పుకున్నారు. భారతి ఉద్యోగం ఆ షరతు మీద నిలబడింది.

ఈ కేసు నాకు నేర్పింది ఇది. కేర్‌గివర్‌ను, అంటే ఇంట్లో చూసుకునే మనిషిని, 'సర్దుకుపో' అనడం వైద్యం కాదు. ఆ మాట నేను మానేశాను. జబ్బు పేరు దాచినంతకాలం సాయం చేయగలిగినవాళ్లకు కూడా దారి తెలియదు. అలాగని వీధి ఆదుకుంది కదా, డే కేర్ ఎందుకు అనేవాళ్లతో నేను ఒప్పుకోను. అరుగు అరుగే, సెంటర్ సెంటరే. సెంటర్ పెట్టండని మా ఆస్పత్రి ప్రతి మీటింగులో అడుగుతున్నాను, ఎవరు విసుక్కున్నా అడుగుతాను.

బోర్డు పెట్టి ఏడాది దాటింది. భారతి అదే షిఫ్టుకు పోతోంది. విరిగిన చేయితో మళ్లీ ఎవరూ రాలేదు. బోర్డు చదివి, "మా ఇంట్లోనూ ఇట్లే ఉండారమ్మా," అంటూ వచ్చినవాళ్లు ఐదు ఇళ్లవాళ్లు.