లాజియన్ తాత చూపించిన హద్దులు

తలదాచుకున్న ఉజెలాంగ్ దీవిలో ఎలకలతో వంతులేసుకుని తిండి తిన్న ముప్పై ఏళ్లూ లాజియన్ తాత గొప్పంతా ఒక్కటే. అమెరికావాళ్లు అణుబాంబులు పేల్చి చూడ్డానికి ఖాళీ చేయించిన సొంత దీవి ఎనెవెటాక్‌లో ఎవరి నేల ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆయనకు కొట్టిన పిండి. ఏ చెట్టు నుంచి ఏ రాయి దాకా ఎవరిదో పిల్లల చేత వల్లె వేయించేవాడు.

చివరికి సైనికులు విషపు మట్టి గోకి, సిమెంటు కింద పూడ్చి, ఇక రావచ్చన్నారు. ఓడ దిగి చూస్తే చెట్టూ లేదు, రాయీ లేదు, అంతా చదును. కొలతల దొర హద్దుల్లో పాతే మేకులు పట్టుకుని నిలబడ్డాడు.

"కానియ్ తాతా, నీదే ఆలస్యం!" అన్నారు జనం.

తెలియడం లేదంటే సరిపోయేది. ఆ ఒక్క మాటకే పెద్దమనిషికి నోరు పెగల్లేదు. వేలెత్తి చూపించుకుంటూ పోయాడు. పొరుగింటి తోమికోకి వాళ్లమ్మ సమాధి కూడా "ఇదిగో, ఇక్కడే" అని చూపించాడు. ఆమె అక్కడ తెల్ల గులకరాళ్లు పరిచి, ఆదివారం ప్రార్థన కాగానే పూలు పెట్టేది. ఆ చేత్తోనే తాతకి కాల్చిన చేప తెచ్చేది.

వానాకాలంలో తాత కొబ్బరిమొక్క పెడదామని తన గుమ్మం ముందు తవ్వితే గునపం ఖంగుమంది. బోర్లించి వరసగా పాతిన జపాను సీసాలు! దీవి వదలక ముందు తోమికో తల్లి సమాధి చుట్టూ వాటిని పాతింది ఈ తాతే. ఈ ఒక్క చోటు తప్పని తేలితే తను చూపించిన ఊరి హద్దులన్నీ తప్పినట్టే. అటూ ఇటూ చూసి, మొక్క పెట్టి మట్టి కప్పేశాడు. ఛీ, ఆ వయసులో చేయాల్సిన పనేనా అది!

తర్వాత నాలుగు ఆదివారాలు చేప వచ్చింది. సిగ్గుతో చస్తూనే తిన్నాడు. ఐదో ఆదివారం "నువ్వు లేకపోతే మా అమ్మ జాడ నాకెవరు చెప్పేవాళ్లు తాతా?" అంది తోమికో. ఇక ఉండలేకపోయాడు.

"అమ్మ అక్కడ లేదమ్మా. నా గుమ్మం ముందుంది."

"ఎప్పుడు తెలిసింది?"

"మొక్క పెట్టిన రోజే."

"మరి నా చేపలు గొంతు దిగాయా?"

తోమికో వెళ్లి గులకరాళ్లన్నీ ఒళ్లోకి ఏరుకుని వచ్చింది.

"ఈసారైనా సరిగ్గా చూపించు."

ఆయన వేలెత్తలేదు. మోకాళ్ల మీద కూలబడి, కొత్తాకు వేసిన కొబ్బరిమొక్కను రెండు చేతులా పెరికేశాడు. గుమ్మాల్లోకి వచ్చిన ఇరుగుపొరుగు కాసేపు ఆయన్నే చూశారు. తర్వాత ఒక్కొక్కరే తమ కాళ్ల కింద నేల చూసుకున్నారు.