అత్తమ్మ పట్టిన బ్రేకు

కొత్త అల్లుడికి రాని పనంటూ ఉండకూడదని నేను గట్టిగా నమ్మిన రోజులవి. పెళ్ళై మూడు నెలలైంది. జహీరాబాద్‌లో అత్తగారింటికి వెళ్ళినప్పుడల్లా ఏదో ఒకటి బాగుచేసి రావాలని నాకో పిచ్చి. మొదటిసారి ఫ్యాను బాగుచేశాను (అది ఆ తర్వాత తిరగలేదు). రెండోసారి నల్లా బాగుచేశాను (అది కారడం మానలేదు). అయినా మామ నన్ను ఒక్క మాట అనలేదు సరికదా, మా అల్లుడికి మిషన్ల పని తెలుసని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ పేరు ఎక్కడ పోతుందోనన్న భయమే నన్ను మూడోసారి మోటారుసైకిలు దాకా తీసుకెళ్ళింది.

మామ బండికి ముందు డిస్క్ బ్రేకు మెత్తబడింది. పట్టుకుంటే పిడి హ్యాండిల్ దాకా వస్తోంది గాని బండి ఆగడం లేదు. సాయంత్రం రాయికోడ్‌లో మామ మేనల్లుడి నిశ్చితార్థం. నేనూ మా ఆవిడా బస్సుకు పోతాం, మామా అత్తమ్మా ఆ బండి మీదే పోవాలి. ఆ రోజు శుక్రవారం. జుమ్మా నమాజు వేళ కాబట్టి బండ్లు బాగుచేసే మిస్త్రీ దుకాణం మూసి ఉంది. తెరిచాక చూపిద్దామన్నాడు మామ. నేను ఊరుకుంటానా? లోపల గాలి చేరింది, తీసేస్తే సరి, దీనికి మిస్త్రీ ఎందుకన్నాను. ముందురోజే ఫోన్లో ఆ వీడియో రెండుసార్లు చూసి ఉన్నాను మరి. మామ మురిసిపోయి, పండ్లు తెస్తానని బజారుకు పోయాడు.

నిజానికి పని చిన్నదే. ఒకరు హ్యాండిల్ దగ్గర బ్రేకు గట్టిగా పట్టి ఉంచాలి. ఇంకొకరు చక్రం దగ్గరున్న చిన్న నట్టు కొంచెం విప్పితే, దానికి తగిలించిన సన్న పైపులోంచి ఆయిల్‌తో పాటు గాలి బుడగలు బయటికొస్తాయి. నట్టు బిగించాకే బ్రేకు వదలాలి. ముందే వదిలితే పోయిన గాలి మళ్ళీ లోపలికే వస్తుంది. మా ఆవిడేమో రెండు చేతులకూ మైదాకు పెట్టుకుని లోపలి గదిలో ఫ్యాను కింద కూర్చుంది (నేను బాగుచేయని ఫ్యాను). ఇక మిగిలింది అత్తమ్మే.

వాళ్ళింట్లో అత్త అల్లుడితో నేరుగా మాట్లాడదు. అది మర్యాద. ఏం చెప్పాలన్నా కూతురికి చెప్పేది, నేనూ అంతే. కూతురు పిలిస్తే పాపం వచ్చింది. కొంగు తల మీదికి లాక్కుని, మొహం గోడవైపు తిప్పుకుని, రెండు చేతులతో బ్రేకు పట్టుకుంది. మా మధ్య దూరం రెండు మూరలు కూడా లేదు.

అత్తమ్మను బ్రేకు పట్టమనమని నేను లోపలి గదికి కేకవేసేవాణ్ణి. మా ఆవిడ అక్కణ్ణుంచి "అమ్మా, పట్టు" అనేది. అత్తమ్మ పట్టుకుని, పట్టినానని చెప్పమని కూతురికి చెప్పేది. "పట్టిందట" అని నాకు కబురు అందేది. నా మాట ఆవిడకు, ఆవిడ మాట నాకు ముందే వినబడుతూనే ఉన్నాయి. కానీ విననట్టు ఉండాలి కదా. మొదట రెండుసార్లు బాగానే సాగింది. తర్వాత నాకు ఓపిక చచ్చి, కబురు కోసం ఆగడం మానేశాను. నేను నట్టు బిగించి వదలమన్న మాట లోపలికి పోయి వచ్చేలోగా నట్టు మళ్ళీ విప్పేవాణ్ణి. సరిగ్గా అప్పుడే అత్తమ్మ బ్రేకు వదిలేది. గాలి హాయిగా లోపలికి పోయేది. గంటసేపు చెమటోడ్చాక చూస్తే బ్రేకు మునుపటికంటే మెత్తగా తయారైంది. తగ్గినప్పుడల్లా పైన పోస్తూ వచ్చిన బ్రేకు ఆయిల్ సీసా అడుగున కొంచెమే మిగిలింది. ఇద్దరు మనుషులు దీని మీద రాయికోడ్ దాకా పోవాలన్న సంగతి అప్పుడు గాని నా తలకెక్కలేదు. నిజంగానే భయమేసింది.

మళ్ళీ పట్టమని కేకవేశాను. లోపలికి తొంగిచూశాను. మా ఆవిడ చేతులు రెండూ చాపుకుని, గోడకు ఆనుకుని నిద్రపోయింది. పానా పట్టుకుని దిక్కుతోచక కూర్చున్నాను. అప్పుడు, గోడవైపు చూస్తూనే, అత్తమ్మ మాట్లాడింది.

"నేను పట్టుకొనే ఉన్న బిడ్డా. నువ్వు నిమ్మలంగ ఇప్పు, నిమ్మలంగ బిగియ్యి. బిగిచ్చినంకనే నాకు చెప్పు. అందాక ఇడువ."

సరే అత్తమ్మా అని గుసగుసగా అన్నాను. ఆ తర్వాత పని పావుగంటలో తేలిపోయింది. బుడగలు ఆగిపోయాయి, పిడి రాయిలా గట్టిపడింది. తప్పు ఎక్కడ జరుగుతోందో ఆవిడకు ఎప్పుడో తెలుసట. నాకు చెప్పమని కూతురికి రెండుసార్లు చెప్పిందట కూడా. ఆ కబురు మాత్రం లోపల్నుంచి రాలేదు, విననట్టు ఉండీ ఉండీ నేను నిజంగానే వినలేదు.

మామ వచ్చి, గల్లీ చివరిదాకా బండి నడిపి చూసి, నా భుజం మీద చెయ్యేసి పక్కింటి వాళ్ళను పిలిచాడు. "చూసిన్రా మా అల్లుని పనితనం? మిస్త్రీ గూడ గింత మంచిగ చెయ్యడు." నేను అత్తమ్మ వైపు చూశాను. ఆవిడ అప్పటికే పరదా వెనక్కి పోయి, అందరికీ వినబడేట్టు కూతురితో అంది: "మీ ఆయననే చేసిండు. నేను ఊకెనే నిలబడ్డ." నేను వినయంగా తల వంచుకున్నాను.

ఇప్పుడు అత్తమ్మ నాతో నేరుగానే మాట్లాడుతుంది, అవసరమైతే నేరుగానే తిడుతుంది. ఆ రోజు అది ఆవిడ చేసిన పని అని నేనెందుకు చెప్పలేదో చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆవిడ అల్లుడితో మాట్లాడిన సంగతి బయటపడుతుందని, ఆవిడ మర్యాద కాపాడానని. అబద్ధం. మామ చెయ్యి నా భుజం మీద ఉంది, పక్కింటి వాళ్ళు నన్నే చూస్తున్నారు, నాకెంతో బాగుంది. అంతే.