ఆర్లో గారి బండ

కొలరాడో కొండల్లోని మా రిజర్వాయరు దగ్గర ట్రౌట్ చేపలు పట్టేవాళ్ళది ఒకటే కట్టుబాటు: గాలం వేసి ఉన్నంతసేపూ ఆ చోటు ఆ మనిషిదే. ఒడ్డున ఉన్న నున్నటి బండ ఇరవయ్యేళ్ళుగా ఆర్లో గారిది. పొద్దున్నే దిండు వేసుకుని, ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చుంటారు. ఆగస్టులో కింది పొలాలకి నీళ్ళు వదిలేస్తే, బండ ముందు ఫుట్‌బాల్ మైదానమంత నేల బయటపడి బీటలు వారుతుంది. అందరూ నీటి వెంటే కిందికి దిగిపోతారు. ఆర్లో గారు దిగరు. దిగితే, ఎప్పట్నించో ఆ బండ మీద కన్నేసిన డెల్మర్ ఎక్కేస్తాడు. అందుకని ఎండిన నేల మీదికే గాలం విసిరి, దారం బిగించి, గడ కొసనే చూస్తూ కూర్చుంటారు. మధ్యమధ్య లేచి వెళ్ళి, చీమలు పట్టిన ఎర మొక్కజొన్న గింజ తీసేసి కొత్తది గుచ్చి వస్తారు.

మొన్న చేపల శాఖ ఆఫీసరమ్మ వచ్చి చేపలు పట్టే లైసెన్సు అడిగింది. చూస్తే గడువు దాటిపోయింది.

"పోనీ, ఊరికే కూర్చున్నానని చెప్పండి ఆర్లో గారూ. జరిమానా లేకుండా వదిలేస్తాను."

డెల్మర్ అప్పటికే తన దిండు చంకన పెట్టుకుని వెనక నిలబడ్డాడు. "చెప్పెయ్యరా! ఊరికేగా కూర్చున్నావు? అసలు నీళ్ళేవిరా ఇక్కడ?"

ఆర్లో గారు దారం మరో చుట్టు బిగించారు. "చేపలు పడుతున్నానమ్మా. రాసుకో."

ఆవిడ నిట్టూర్చి కలం తీసింది. "ఎన్ని పడ్డాయి?"

ఆయన బీటల నేలకేసి కాసేపు చూశారు.

"ఒక్కటీ ముట్టలేదు. ఎండకి లోతుకి పోయుంటాయి."