మా అత్త నాటిన నెల్లిచెట్టు

నా చిన్నప్పుడు కాడుగోడిలో మా ఇంటి వెనక ఒక ఉసిరిచెట్టు ఉండేది. బెంగుళూరులో పాతుకుపోయిన తెలుగువాళ్ళం కాబట్టి ఉసిరికాయను మేం నెల్లికాయ అనే అంటాం. ఆ చెట్టు నాటింది మా మేనత్త. మామ ఇంకొకామెను పెళ్ళి చేసుకుని ఇంటికి తెచ్చుకున్నాక, అత్త ఒక ట్రంకుపెట్టెతో మా ఇంటికి వచ్చేసింది. వచ్చిన ఏడాదే పెరట్లో ఆ మొక్క పెట్టిందట. నాకు ఊహ తెలిసేసరికి అది మిద్దె ఎత్తు పెరిగి కాపుకు వచ్చింది.

ఇంట్లో అత్త గట్టిగా మాట్లాడేది కాదు. అందరూ తిన్నాక తినేది. నాన్న గేటు తీసిన చప్పుడు వినబడితే టీవీ ముందు నుంచి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. చెట్టు కింద మాత్రం వేరే మనిషి. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, కర్రతో కాయలు దులుపుతూ, అడ్డం వచ్చినవాళ్ళ మీద కేకలేసేది.

నేను నాలుగో తరగతిలో ఉండగా ఒక చలికాలం చెట్టు విరగగాసింది. జాడీలన్నీ ఊరగాయతో నిండాయి. మిద్దె మీద ముక్కలు ఎండబెట్టడానికి చోటు లేకపోయింది. ఇరుగుపొరుగువాళ్ళు ఇక వద్దు తల్లీ అనేశారు. రాలిన కాయలు నేలమీదే కుళ్ళుతుంటే అత్తకు ప్రాణం ఒప్పేది కాదు.

మేడమీద గదిలో గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక అక్క అద్దెకుండేది. వైట్‌ఫీల్డులో కంప్యూటర్ ఉద్యోగం. ఆమె ఒక ఉపాయం చెప్పింది. "మీ ఫ్రిజ్జులో ఫ్రీజర్ ఖాళీగానే ఉందిగా ఆంటీ, అందులో దాచేయండి. వేసవి దాకా భేషుగ్గా ఉంటాయి" అని, ఆదివారం తనే దగ్గరుండి చేయించింది. కాయల్ని ఇడ్లీపాత్రలో కాసేపు ఆవిరికి పెట్టి, చల్లారాక వేళ్ళతో నొక్కితే తొనలు విడిపోయేవి. గింజలు తీసే పని నాది. తడి ఆరిన తొనల్ని పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి ఫ్రీజర్లో పెట్టి, గట్టిపడ్డాక కవర్లలో నింపాం. ముందే కవర్లో పోస్తే అంతా ఒకే గడ్డై కూర్చుంటుందని అక్క చెప్పింది.

ఉగాది దాటాక చెట్టుమీద ఒక్క కాయ లేని రోజుల్లో అత్త నెల్లికాయ చిత్రాన్నం చేసింది. అక్క దాన్ని ఆఫీసుకు పట్టుకెళితే తోటివాళ్ళు మాకూ కావాలన్నారు. ఇంక రోజూ పొద్దున్నే అత్త డబ్బాలు కట్టేది. ఒకరోజు చిత్రాన్నం, ఒకరోజు నెల్లికాయ పప్పు, పెరుగన్నంలోకి తొక్కు. వాళ్ళు ఇచ్చిన డబ్బుతో మొదటిసారి తనకు నచ్చిన రంగు చీర తనే కొనుక్కుంది. అమ్మను పిలిచి చూపిస్తూ నవ్వింది. అత్త పలువరస అంత బాగుంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ వేసవిలోనే ఒక ఉదయం అత్త రేషను అంగడికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి చెట్టు నేలమీద ఉంది. వెనక రెండు గదులు కట్టి అద్దెకివ్వాలని నాన్న కూలివాళ్ళను పిలిపించాడు. అత్త కిరసనాయిలు డబ్బా కింద పెట్టింది.

"నన్నొక మాట అడగాల్సింది కదన్నా" అంది.

"అడిగేదేముండాది? ఇల్లు నాది, జాగా నాది. నీకు కూటికేమన్నా తక్కువ చేసినామా?" అన్నాడు నాన్న. కోపంగా కాదు. అడిగినందుకు ఆశ్చర్యపడుతున్నట్టు అన్నాడు. అమ్మ తల వంచుకుని గిన్నెలు సర్దింది.

అత్త ఏడవలేదు. వంటింట్లోకి వెళ్ళి ఫ్రీజర్లో ఉన్న కవర్లన్నీ బయటపెట్టి, పెద్ద గిన్నెడు అన్నం వండి చిత్రాన్నం కలిపింది. చెట్టు కొట్టినవాళ్ళకూ వడ్డించింది. నాన్న మారు వడ్డించుకుని "శానా బాగుండాది" అన్నాడు. అత్త ఖాళీ ఫ్రీజర్‌ను బట్టపెట్టి తుడిచి తలుపు వేసింది.

వానలు మొదలయ్యేలోపు మేడమీది అక్క సాయంతో మారతహళ్ళిలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటపని చూసుకుని అత్త వెళ్ళిపోయింది. బస్సు దాకా నేను సంచీ మోసుకెళ్ళాను. "నాటినాను, నీళ్ళు పోసినాను, నాదే అనుకుంటిని. నేల ఎవరిదని ఒక్కనాడూ అనుకోలేదు చూడమ్మా. నువ్వు మాత్రం ముందు అదే అడుగు" అంది.

తర్వాత నాన్న రెండుసార్లు వెళ్ళి పిలిచాడు. అత్త రాలేదు. మోకాళ్ళు పట్టేసినా ఆ హాస్టల్ వెనక గదిలోనే ఉండి, అక్కడే పోయింది. "దాన్నెవరు పొమ్మన్నారప్పా?" అని నాన్న చివరిదాకా అడుగుతూనే ఉన్నాడు. ఆయనకు నిజంగానే తెలియదు.

నా పెళ్ళయ్యాక సర్జాపుర రోడ్డులో ఇల్లు కొన్నప్పుడు పత్రంలో నా పేరు కూడా ఉండాలన్నాను. "నా మీద నమ్మకం లేదా?" అన్నారు మావారు. ఉందన్నాను. ఉన్నా నా పేరు రాయించేదాకా సంతకం పెట్టలేదు. ఆ మాట ఆయన ఇప్పటికీ మరిచిపోలేదు. నాకు ఇల్లయితే ఉంది. అడగకుండా నమ్మడం మాత్రం చేతకాకుండా పోయింది. "మా ఇల్లు" అని ఏ ఆడమనిషైనా ధీమాగా అంటే, పత్రం ఎవరి పేరున ఉందో అడగబోయి, ఆమె ముఖం చూసి ఊరుకుంటాను. ఆ ధీమా మీద నాకు కొంచెం అసూయ కూడా.